నలభై ఏడో ఫారం

జూన్ నెల. దామలచెరువు దారిలో గుజ్జు ఫ్యాక్టరీ.
బెంగళూర కాయల లారీలు రోడ్డు పక్కన వరసకట్టి ఉంటే
పులిసిన వాసన కిలోమీటరు ముందే ఎదురొచ్చింది.
నా సంచిలో నూట ఇరవై ఫారాలు,
ఒక్కోదాంట్లో ఇరవై ప్రశ్నలు.
గడచిన రెండు వారాల్లో నిద్ర పట్టని రాత్రులున్నాయా?
ఊరికే ఏడుపొచ్చిందా?
సున్నా నుంచి మూడు దాకా, ఎక్కడో ఒకచోట టిక్కు.

టెంకలు తీసే చేతులు ఆపకుండానే
అక్కలు జవాబులు చెప్పారు.
సున్నా. సున్నా. ఒకటి వేసుకో.
"మాకేం మా, బాగానే ఉండాము."

తిరుపతిలో, హాస్టల్ గదిలో,
లెక్క చూస్తే సగటు తొమ్మిది,
ప్రామాణిక విచలనం రెండు.
ఇంత ఒద్దికగా కూచున్న గంట బొమ్మను
నేనెప్పుడూ చూళ్ళేదు.
కుడిపక్క, దూరంగా, కాగితం అంచు మీద
ఒకే ఒక్క చుక్క.
నలభై ఒకటి.
నలభై ఏడో ఫారం, దేశమ్మ, గ్రేడింగ్ బల్ల.

గైడు గారు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
"అవుట్‌లయర్ అమ్మా, తీసెయ్.
ప్రశ్న అర్థమైవుండదు పాపం.
పీ విలువ కూడా దారికొస్తుంది" అన్నారు.

డిలీట్ మీద వేలు పెట్టాను కూడా.
దేశమ్మ చేతులు గుర్తొచ్చాయి.
బెల్టు మీద పరిగెత్తే కాయల్లోంచి
చూడకుండానే ఒకదాన్ని తడిమి పక్కన పెట్టేది.
పారేస్తారా అంటే, నా తెలివికి జాలిపడి,
"కోసి చూడకుండానే పారేస్తే ఎట్ట మా?" అంది.

మళ్ళీ బస్సెక్కాను.
షిఫ్టు మారే వేళ, గేటు బయట,
"నీకొక్కదానికే ఎందుకక్కా అన్ని మార్కులు?"
మార్కులు అన్నందుకు కాసేపు నవ్వింది.
ముంజేతి మీద సొన కాలిన మచ్చ
కొంగుతో రుద్దుకుంటా చెప్పింది:
"ఆ పొద్దు నా వంతు వచ్చేతలికి
సూపర్‌వైజరు టీ తాగను పోయిండె.
తక్కినోళ్ళను నువ్వడిగినంతసేపూ
నీ ఎనకాలే నిలబడుండ్లా?"

తిరుగు బస్సులో ఫారాలు ఒళ్ళో బరువుగా ఉన్నాయి.
నూట పంతొమ్మిది మంది మనసులు కొలిచాననుకున్నాను.
కొలిచింది ఒక మగమనిషి నీడను,
నూట పంతొమ్మిది సార్లు.
అందుకే అంత తక్కువ తేడా.

పాకాల దాటాక పెన్సిలు తీసి
ఫారంలో లేని ప్రశ్న ఒకటి
అన్నిటికన్నా పైన రాసుకున్నాను:
అడిగేటప్పుడు వెనకాల ఎవరున్నారు?