డీజిల్ లెక్క

సిరొంచ దాటినంక పద్దెనిమిది కిలోమీటర్లు,
ప్రాణహిత ఒడ్డుకు, తునికిచెట్ల నడుమ
ఒక ఇనుప నిచ్చెన మొగులుకు ఆనిచ్చి ఉన్నది.
దాని కింది రేకుల షెడ్డుకు నేనే కావలి.
పేరు ఓదెలు. చదివింది మరాఠీ బడిల ఏడో తరగతి.
ఇంట్ల తెలుగు, సంతల తెలుగు,
రిజిస్టర్ల మాత్రం మరాఠీ అంకెలు.

కరెంటు పోతే జనరేటర్ తిప్పుడు నా పని.
పైకెళ్లి ఏం పోతదో నాకు తెల్వది.
తునికాకు కట్ట ధర పోతదట,
సాయిలు బిడ్డ నర్సింగ్ రిజల్టు
మూడొద్దులు తెరమీద గుండ్రంగ తిరిగి తిరిగి నాలుగోనాడు దిగిందట.
పిలగాండ్లు షెడ్డు గోడకు వీపులానిచ్చి
మెడలు వంచుకొని కూసుంటరు, కొంగల తీరు.
నాది బటన్ల ఫోను.
నీళ్లు మోసెటోనికి దూప కావద్దని రూలున్నదా ఏంది?

అవతలి ఒడ్డుకు ఇంకో టవరున్నది, తెలంగాణది.
రాత్రయితే దాని ఎర్రలైటు నీళ్లల పడి
మా దిక్కు ఈదుకుంటస్తది.
మాది ఆగిందంటే
ఊళ్లె ఫోన్లన్నీ కూసున్నకాడనే కూసొని
నది దాటి పోతయి.
స్వాగతం అని మెసేజ్ అస్తది,
పడవెక్కకుంట, కాలు తడవకుంట.

శ్రావణంల ఒక రాత్రి.
కరెంటు పోయి రెండో దినం, ట్యాంకుల పదకొండు లీటర్లు.
డీజిల్ బండి వాగు అవతల్నే నిలవడ్డది.
రాత్రి బంద్ పెట్టు, పొద్దుగాల నడుపు అన్నడు బోర్కర్ సాబ్.
పెట్టిన.

గంట కాలే, ఆశా పనిచేసే తానుబాయి
మోకాళ్లదాక బురదతోని తలుపు గుద్దింది.
"లస్మక్కకు నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది.
నూటెనిమిదికి కొడితే అవతలోళ్లు ఎత్తుతున్నరు.
మండలమేది అంటున్నరు. తాలూకా చెప్తే
అమ్మా, మీ ఊరు మా మ్యాపుల లేదు అంటున్నరు."

ఎంత మంచి తెలుగుల అన్నడో ఆ పిలగాడు,
ఆమెకు అదే ఎక్కువ మండింది.

హ్యాండిల్ తిప్పిన. దగ్గింది. మల్ల తిప్పిన. దగ్గింది.
మూడోసారికి అందుకున్నది.
తానుబాయి ఫోన్ల గీతలు ఒక్కొక్కటి లేచినయి,
ఫోను నది దాటి ఇంటికొచ్చింది.
ఎవరో మరాఠీల ఎత్తిన్రు.
ఆమె ఊరిపేరు రెండుసార్లు చెప్పింది,
మూడోసారి అక్షరం అక్షరం.

బండి వాగుదాక అచ్చిందట. ఇవతలికెల్లి నులకమంచం, నలుగురు.
నేను పోలే.
డ్రైవర్ దారితప్పితే మల్ల కొడతడేమోనని
ఇంజన్ పక్కపొంటి కూసొని
డీజిల్ గీత దిగుడు సూసుకుంటున్న.
కోడి కూసే యాల్లకు అదే ఆగిపోయింది.

పిల్ల బతికిన సంగతి అందుకే ఫోన్ల రాలే.
పాలకేన్లు కట్టిన మోటర్‌సైకిల్ మీద అచ్చింది.

రిజిస్టర్ తెరిచిన.
వాడింది పదకొండు. కారణం అన్న గడి
నా బొటనవేలంత లేదు.
అడ్డం తిరిగిన బిడ్డ అని రాస్తే
సగం బయట పడతది.
వర్షం అని రాసిన.

నెలాఖరుకు బోర్కర్ సాబ్ కంప్యూటర్ తెరిచి సూపిచ్చిండు.
ఆగితే ఎర్రగ, నడిస్తే పచ్చగ.
ఆ రాత్రి మీద ఒక ఎర్ర సుక్క, దాని ఎనుక పచ్చటి గీత,
ఎవ్వలూ నడవని గట్టు తీరు సాపుగ.
"ఈడ ఏం గాలే," అని వేలు ముందటికి జరిపిండు.
మల్ల ఎనుకకు తెచ్చి,
"ఏం గాకుంటె డీజిల్ ఎటువాయె?"

వర్షం సాబ్, అన్న.