ఇరవై నిమిషాలు

బెళుగుప్ప చుట్టుపక్కల తిరిగినన్నాళ్లూ
నా సంచిలో ఉన్నవి
ఒక కట్ట ఫారాలు, ఇంకు ప్యాడు,
ఉడకబెట్టిన బుడ్డలు.
జీతం పదకొండు వేలు,
అదీ ఢిల్లీలో ఫైలు కదిలిన నెలలో.

మారెక్క ఇంట్లో
పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోయాను.
పాము కరిచిన సమయం?
"రాయదుర్గం బస్సు పోయినాంక.
ఆవు ఇంగా ఇంటికి రాలే."
ఆసుపత్రికి చేరడానికి ఎంతసేపు?
"ముందు మంత్రగాని కాడికి. ఆన్నుంచి కళ్యాణదుర్గం.
ఆడ మందు లేదంటే అనంతపురం.
ఆత్మకూరు దాటినాంక
వాని పండ్ల సందుల్లో నెత్తురు."

బస్సును ఆరూ నలభై అని రాశాను.
ఆవుకు గడి లేదు.
పిల్లవాడి పేరుకూ లేదు.
"నంబరే రాస్తామమ్మా. మూడు వందల పదిహేడు."
"తిప్పేస్వామి," అందామె,
నేను రాసుకుంటున్నట్టే
అక్షరం అక్షరం విడదీసి.

ఈ కాయితాలకు దుడ్లు ఎవరిస్తారని అడిగింది.
సర్కారు, అన్నాను.
"సర్కారుకు?"
మనమే. సబ్బుబిళ్ల మీద, అగ్గిపెట్టె మీద.
పొయ్యి పక్కనున్న అగ్గిపెట్టెను చూసింది,
అప్పు తీసుకున్నవాణ్ని చూసినట్టు.
"అయితే ఏం తేలిందో నాకొచ్చి చెప్పాల,"
అని బొటనవేలు ఒత్తింది.

నేను పోలేదు.
ప్రాజెక్టు అయిపోయింది.
ఎవరో ఫారాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారట,
ఎవరో లెక్క కట్టారట, ఆ లెక్క తప్పని
ఇంకెవరో పోట్లాడారట.
రెండేళ్లు ఏ బల్ల మీదో ఊరికే పడుందట కూడా.
నేను అనంతపురంలో బట్టలకొట్లో బిల్లులు రాశాను.

ఎనిమిదేళ్లకు, మొన్న శ్రావణంలో,
కలుపు తీస్తున్న మా చిన్నాన్న కొడుకు ఓబులేసును
రక్తపింజర పట్టింది.
అనంతపురం పోనీ, ఎక్కడా ఆపొద్దు, అని నేను అరుస్తుంటే
పీహెచ్‌సీ ముందు ఆటోవాడే ఆపేశాడు.
"ఇప్పుడు ఈడనే చూస్తారక్కా."

సిస్టర్ మెహరున్నీసా
గాజుగొట్టంలో కాస్త నెత్తురు పోసి
కిటికీ గట్టు మీద నిలబెట్టింది.
"ఎవరూ తాకొద్దు. ఇరవై నిమిషాలు."
గోడ మీద కాగితం, మడత దగ్గర చిరిగింది:
గాజుదే వాడాలి. కొత్తదే వాడాలి. కదిలించరాదు.
గడ్డకట్టకపోతే మందు ఇక్కడే మొదలుపెట్టాలి,
ఆ తర్వాతే పైకి పంపాలి.

ఆ తర్వాతే, అన్న మాట కింద
ఎవరో పెన్నుతో రెండు గీతలు గీశారు.
ఆ గీతల మధ్య
నాకు ఆత్మకూరు రోడ్డు కనబడింది.

పద్దెనిమిది. పంతొమ్మిది.
సిస్టర్ గొట్టం వంచింది.
నెత్తురు నీళ్లలా జారింది.
నా కాళ్లు వణికాయి. ఆమెవి వణకలేదు.
డాక్టరును పిలుస్తూనే ఫ్రిజ్ తెరిచింది.
లోపల మందు ఉంది.
ఇంత చిన్న మాట
రాయడానికి ఎన్నేళ్లు పట్టిందో.

మూడో రోజు ఓబులేసు
ఇడ్లీ చల్లారిపోయిందని అలిగాడు.

ఆ ఆదివారం బెళుగుప్ప బస్సెక్కాను.
మారెక్కకు చూపు తగ్గింది,
గొంతును బట్టి పోల్చుకుంది.
"తేలిందా?"
గొట్టం గురించి చెప్పాను. గోడ మీది కాగితం చదివినట్టే చెప్పాను.
తిప్పేస్వామి ఒక్కడి వల్లే కాదని,
నాలుగు వేల మందిలో వాడొకడని కూడా,
అబద్ధం ఆడలేక.
"నాలుగు వేల మందా," అంది.
చాలాసేపు ఇంకేమీ అనలేదు.
తర్వాత, "ఆ పిల్లోనికి తెలుసునా మావోని సంగతి?"
తెలీదన్నాను.
"చెప్పొద్దులే. పనికి పోయేటోడు."

ఆ గొట్టం ఎంతుంటాదని అడిగింది.
ఆమె చేయి పట్టుకుని చూపించాను,
బొటనవేలికంటే ఇంకొంచెం పొడుగు.
మారెక్క ఆ వేలు అట్లాగే నిలబెట్టి కూర్చుంది,
కదిలించకుండా.

బయట రాయదుర్గం బస్సు
హారన్ కొట్టుకుంటూ పోయింది.
నేను టైము చూసుకోలేదు.