విదేశానికి ఎడ్లబండిలో

మా గైడు గారు గీతల మనిషి.
మ్యాపు మీద గీసి చూపించందే ఏ రాజ్యాన్నీ నమ్మరు.
అందుకని నా మూడో అధ్యాయం పేరు
"సరిహద్దు: భావన, ఆచరణ."
నలభై పేజీలు.
ఒక్క మనిషీ నడవని నలభై పేజీలు.

పాండిచ్చేరి దస్త్రాల గదిలో ఆర్నెల్లు తుమ్మాను.
ఫ్రెంచి రాతల అడుగున తెలుగు వేలిముద్రలు,
ఒక దొర ఇంకో దొరకి రాసిన మర్యాదలు,
"తమ విధేయుడను" అంటూనే
ఉప్పు మీద, గుడ్డల మీద తగువు.

ఇంజరంలో బస్సు దిగి యానాం వైపు నడిచాను.
ఎక్కడ దాటానో కాళ్ళకి తెలియలేదు.
బ్రాందీ కొట్లు వరసగా మొదలైతే
దాటే ఉంటాననుకున్నాను.

పేరిందేవమ్మ గారికి ఎనభై తొమ్మిది.
ఎడమ కంట్లో శుక్లం.
ఏటిగాలికి కేలండరు గోడకేసి కొట్టుకుంటోంది.
"విదేశాంగ విధానం మీద పరిశోధన, మామ్మగారూ"
అన్నాను, నాకే ఎబ్బెట్టుగా.
"విదేశమా? నేనూ ఓసారి వెళ్ళేను" అంది.
"ఎడ్లబండిలో."

"నాకప్పుడు ఎనిమిదేళ్ళు.
కాలవకి ఇవతల దొర
చంటిపిల్లలకి పెళ్ళి కూడదని చట్టం తెచ్చేడు.
అవతల దొర ఆ కాగితం చదవలేదు.
మధ్యలో ఓ తాటిపట్టె, ఓ జవాను, అంతే.
తెల్లారకుండా దుప్పట్లో చుట్టి బండెక్కించేరు.
మెలకువొచ్చేసరికి వేరే రాజ్యం.
కోడి మాత్రం మా పెరటి కోడిలాగే కూసింది.

ఆ పూట పదిహేను పెళ్ళిళ్ళు, పందిరి మీద పందిరి.
పంతులు తొందరలో పక్క పిల్లకి నా గోత్రం చదివేసేడు.
దిద్దేడో లేదో ఇప్పటికీ నాకు అనుమానమే.

తిరిగొస్తుంటే జవాను బండాపేడు.
నా పట్టుపరికిణీ అంచు వేళ్ళతో నలిపి చూసేడు.
'కొత్త గుడ్డ. సుంకం కట్టండి.'
మా నాన్న రూపాయి దగ్గర మొదలెట్టి
బేరమాడి ఆరణాలకి దింపేడు.
జవాను నా మెళ్ళో పసుపుతాడూ చూసేడు.
ఏమీ అనలేదు.
పిల్లకి సుంకం లేదు గాబోలు."

సార్వభౌమాధికారానికి నేను పోగేసిన
పదకొండు నిర్వచనాల్లో
ఎక్కడా పరికిణీ లేదు.

ఏదో ఒకటి చెప్పాలి గనక చెప్పాను:
యాభై నాలుగులో ఫ్రెంచివాళ్ళు పాలన అప్పగించారండీ,
పారిస్‌లో ఒప్పందం ఖరారయ్యేసరికి అరవై రెండు.
ఆ మధ్య ఎనిమిదేళ్ళనీ ఏమనాలో
పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు.

ఆమె వేళ్ళు మడిచి లెక్కేసుకుంది.
"నాకు పెళ్ళి ముందు, కాపురం ఎనిమిదేళ్ళకి.
మీ యానానికి కాపురం ముందు,
పెళ్ళి ఎనిమిదేళ్ళకి.
దాన్నైనా అడిగేరా?"

అని, చల్లారిపోతోంది తాగమని
కాఫీ గ్లాసు నా వైపు జరిపింది.

తర్వాత గైడు గారు ఎర్రసిరాతో రాశారు:
"ఆసక్తికరం. ఆధారమేది? ఆరణాల రసీదు దొరికిందా?"
దొరకలేదు.
పేరిందేవమ్మ గారు పేజీ అడుగుకి దిగిపోయింది,
నలభై ఒకటో నెంబరు కింద,
భూతద్దం ఉన్నవాళ్ళు చదువుకునే అక్షరాల్లో.
పైన, పెద్ద అక్షరాల్లో,
ఇద్దరు దొరలు ఇంకా ఉత్తరాలు రాసుకుంటున్నారు.

కానీ ఆ సాయంత్రం సంగతి ఎక్కడా రాయలేదు.
పొలిమేర దగ్గర బస్సాపి
ఎక్సైజు కానిస్టేబులు సంచులు తడుముతున్నాడు,
సీసాల కోసం.
ఒక ముసలాయన పంచె మడతలోంచి
చిన్న సీసా ఒకటి తీసుకుని
నా సంచి దగ్గర ఆగాడు.
గట్టిగా ఏదో తగిలింది. రికార్డరు.
"ఇదేంటమ్మా?"
"పెళ్ళి" అన్నాను, నోరు జారి.
ఒకసారి నా మొహంలోకి చూసి
"పోనీండి, పోనీండి" అన్నాడు డ్రైవరుతో.