మాగన్ను

ఔలులో డిసెంబరు. మధ్యాహ్నం రెండింటికే దీపాలు.
నా బల్ల మీద మూడు యంత్రాలు.
మూడింటికీ కెర్నెల్ ఒకటే,
నిద్రే వేరు.

మొదటిది బ్యాంకు సర్వర్.
దానికి కోడికునుకు మించి ఇవ్వకూడదు.
పలకడం రవ్వంత ఆలస్యమైతే
ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎవరో కేకలేస్తారు.
కరెంటు బిల్లంటారా, కట్టుకుంటారు.

రెండోది ఆసుపత్రి మంచం పక్కన ఉండే టాబ్లెట్.
వేలు తగిలీ తగలకముందే కళ్ళు తెరవాలి.
దానికి వారం పట్టింది. చెప్పుకోడానికేమీ లేదు.

మూడోది
ధ్రువజింక మెడపట్టీ.
నాణెమంత బ్యాటరీ మీద ఏడాది బతకాలి.
నలభై ఒకటో రోజుకే ఆగిపోయిందని
ఇనారి నుంచి మాహ్తే పార్సెల్ చేశాడు.
బకిల్ సందులో ఇంకా బూడిదరంగు వెంట్రుకలు.
చీటీలో ఒకటే ముక్క:
"జింక బాగానే ఉంది. మీదే పోయింది."

మీటర్ తగిలించి కూర్చున్నాను.
గీత పడుకుంటుంది, లేస్తుంది,
పడుకుంటుంది, లేస్తుంది.
సెకనుకోసారి ఎవడో తలుపు కొట్టి
ఏమన్నా ఉందా అని అడిగి పోతున్నాడు.
ఏముంటుందక్కడ? మంచు.

మొద్దునిద్రలోకి దిగడానికీ ఖర్చే,
పైకి రావడానికీ ఖర్చే.
చిటికెలో లేవాల్సినవాడు పక్క పరుచుకోవడం దండగ.
ఎంతసేపు ఖాళీయో కెర్నెల్ ముందే ఊహించాలి,
ఇందాకటి ఖాళీలను వేళ్ళ మీద లెక్కేసుకుని.
పాపం, దాన్ని ఊహించనిచ్చినవాడేడీ?

మూడు రోజులకు దొరికాడు.
ఉష్ణోగ్రత చదివే డ్రైవర్‌లో ఒక టైమర్.
నాలుగేళ్ళ కిందట ఏదో పరీక్ష కోసం పెట్టింది,
పైన "తర్వాత తీసెయ్యాలి" అన్న వ్యాఖ్యతో సహా.
కింద నా పేరు.

చెరిపేశాను.
గీత కిందికి దిగింది,
అక్కడే ఉండిపోయింది.
నేను చాలాసేపు దాన్నే చూస్తూ కాఫీ చల్లార్చుకున్నాను.

ఫిబ్రవరిలో మాహ్తే నుంచి సందేశం.
"హిల్లెవీ, పట్టీ ఆరు గంటలుగా ఉలుకూ పలుకూ లేదు."
"నిద్రపోతోంది," అని రాశాను.
"జింకలు అంతసేపు పడుకోవు."
"మరి?"

మంద దగ్గరున్నాడేమో, జవాబు మర్నాటికి వచ్చింది.
"నెమరేస్తూనే కునుకు తీస్తాయి.
దవడ ఆడుతూ ఉంటుంది.
ఈల వేసి చూడు, చెవి తిరుగుతుంది."

ఆ సాయంత్రం
మళ్ళీ టాబ్లెట్ ఫైలు తెరిచాను.