సీ వ్యూ, గండికోట

బోర్డు మీద నీలం రంగుతో రాయించినా:
సీ వ్యూ హాస్టల్. మంచానికి మూడొందలు.
వేన్నీళ్లు అడగొద్దు.
జమ్మలమడుగు బస్సు కండక్టర్
వచ్చిన ప్రతిసారీ ఇంతే:
"ఏం బావా, ఈపొద్దు అలలు బాగున్నాయా?"

తొమ్మిదేళ్లు గోవాలో
ఇట్లాంటి హాస్టల్లోనే గిన్నెలు కడిగినా.
నేర్చుకునింది తక్కువే.
మనిషికొక మంచం, తలకాడ ఒక ప్లగ్గు,
బారెడు పొద్దెక్కి లేచినా
ఎవురూ ఏమీ అనని చోటు.
తిరిగొచ్చేటప్పుడు సామాన్ల అడుగున
ఒక వల ఊయల తెచ్చుకున్నా.
చింతచెట్టుకొక కొస, కరెంటు స్తంభానికొక కొస.
లైన్‌మన్ తిట్టిపోయినాక
రెండో కొస పాత ట్రాలీకి మార్చినా.

వస్తానే ఉంటారు జనం.
రాత్రి బెంగుళూరులో బస్సెక్కి
తెల్లారేసరికి లోయ అంచున
కాళ్లు వేలాడేసుకుని కూచుంటారు.
కింద యాడనో పెన్న.
మొదటిసారి చూసినోళ్లు
ఎంటనే ఫోటో తీయరు, అది గమనించినా.
రాత్రికి ఎనిమిది మంచాలు, నాలుగు భాషల గురక.
తోబియాస్ అని ఒకాయన
పై మంచంలో పదకొండు రోజులున్నాడు.
యాడికి పోవల్లనో మర్చిపోయినా అన్నాడు.
ఉగ్గానిలోకి బజ్జీ నంజుకోవడం వచ్చినాక
గుర్తొచ్చినట్టుంది, పోయినాడు.

నూకరత్నం కార్తీకంలో వచ్చింది.
భీమిలి కాడ వేటకుపోయే ఇంటి పిల్ల.
బోర్డు చూసి నవ్వీ నవ్వీ
వీపు మీద సంచి దించడం మర్చిపోయింది.
"ఏటన్నా, సముద్రమేదీ?"
"లేదమ్మా."
"మరెందుకు రాశావు?"

చెప్పలేకపోయినా.
తొమ్మిదేళ్లలో నేను సముద్రంలో దిగింది
నాలుగుసార్లు.
నీళ్లంటే మాకు బిందెలో కొలుచుకునే సంగతి.
అన్ని నీళ్లు ఒక్కచోట
ఎవురికీ పట్టనట్టు పడుంటే
భయం కాదు, సిగ్గేసేది.

మర్నాడు చెప్పులిడిచి బండల మీద నడిచింది.
మసీదు దాటి, అంచుకు కొంచెం ఇవతల
గభాలున ఆగి, వంగి,
అరచెయ్యి ఆనించింది.
ఎర్రబండ మీద వరసలు వరసలుగా మడతలు.
నేను పుట్టినప్పటి నుంచి తొక్కుతున్నవే.
మా జేజి వాటి మీదనే మిరపకాయలు ఆరబోసేది.
సందుల్లో ఇరుక్కున్నవి
నేను ఏరిచ్చేవాణ్ణి, కండ్లు మండుతుంటే.

"ఇవి తెలీవా నీకు?
ఆటు తీశాక తడి ఇసక మీద
కెరటం వదిలేసిపోయే గీతలన్నా.
మా ఇంటి ముందర రోజూ ఇవే.
నేను నడక నేర్చింది వీటి మీదే."

చుట్టూ చూసినా.
ఎండ. రేగుకంపలు. ఒక కొంగైనా లేదు.
ఇక్కడికి సముద్రం వచ్చిందంట.
ఇసుకను తల దువ్వినట్టు దువ్విందంట.
దువ్విన తల దువ్వినట్టే రాయైపోయిందంట.
ఎన్నేండ్లయిందో ఆ పిల్లకూ తెలీదు.
కోట కంటే ముందు,
మా జేజి ఆకలి కంటే ముందు.

"అంటే, పోయినట్టేనా?"
"పోవడమేటి. ఆటు మీదుంది, అంతే."
బాటిల్ మూత తీసి
ఒక మడతలో గుక్కెడు నీళ్లు పోసింది.
నీళ్లు తడుముకోలేదు,
తెలిసిన దారిలాగా పోయినాయి.

ఆదివారం మధ్యాన్నం బస్సుకు పోయింది.
రెండు రాత్రులకు ఆరొందలు.
టీలకు లెక్క రాయలేదు.

హుసేనమ్మ దుప్పట్లు దులుపుతా గొణిగింది:
"కింది మంచం నిండా ఇసకే.
సముద్రం లేని ఊర్లో
యాడనుంచి మోసుకొస్తారో, తల్లీ!"
చీపురు అందుకోబోతే
ఉండనీలే అన్నా. నన్ను వింతగా చూసింది.

సాయంత్రం బస్సు వచ్చింది.
"ఏం బావా, అలలు?"
"ఆటు మీదున్నాయి," అన్నా.
వాడు నవ్వలేదు.
టిక్కెట్ల సంచి సర్దుకుని
లోయ పక్కకు ఒకసారి చూసి
విజిల్ ఊదినాడు.