ఎడమచేతి మౌసు

చిత్తూరు కోర్టు ఎదురుసందులో
ఆరడుగుల గది నాది.
ఒక కంప్యూటరు, ఒక జెరాక్సు మిషను,
పిటిషను పేజీకి ముప్పై రూపాయలు.
కుడిచేతికి ఇరవై రెండేండ్ల సర్వీసు.

మురకంబట్టు మలుపులో
తోతాపురి కాయల ట్రాక్టరును తప్పించబోయి
స్కూటీతో సహా పడినాను.
మణికట్టులో ఇప్పుడు స్టీలు ప్లేటు, ఆరు స్క్రూలు.
"గ్యారంటీ ఎన్నాళ్లు సార్?" అంటే
డాక్టరు నవ్వలేదు.

మొదటివారమే ఏకాంబరం గుమాస్తా వచ్చి
గడప అవతలే నిలబడి
కట్టు దిక్కు ఒకసారి, గడియారం దిక్కు ఒకసారి చూసి
"రేపే వాయిదా అమ్మే" అని
కాయితాలు చంకన పెట్టుకోని
పక్కంగడికి పోయినాడు.
పోనీలే. వాయిదా ఎవురికోసరం ఆగతాది?

టోనరు పోసేదానికొచ్చిన ఇంతియాజ్ చెప్పినాడు,
మౌసును ఎడమచేతికి మార్చే సెట్టింగ్ ఉందని.
ఇన్నేండ్లు దాని ముందరే కూసున్నా
ఆ తలుపు ఎప్పుడూ తట్టలేదు నేను.
మార్చినాక మూడుదినాలు నరకం.
తెరవమంటే మెనూ విప్పతాది,
విప్పమంటే ఎత్తకపోయి ఇంకోచోట పడేస్తాది.
ఒక భూతగాదాలో
ప్రతివాది పోయి వాది పక్కన కూసున్నాడు.
అట్టే రాజీ అయిపోతే బాగుండు.

ఇంకొకటి.
షిఫ్టు కీని ఐదుసార్లు తట్టండి.
కుయ్‌మని కూసి ఒక ప్రశ్న అడగతాది, అవుననండి.
ఇంక రెండు చేతులు అక్కర్లేదు.
షిఫ్టు నొక్కి వదిలేసి, నిదానంగా అక్షరం ఎతుక్కోండి.
వదిలేసినా అది పట్టుకోనే ఉంటాది
మీరు వచ్చేదాకా.
జిగురు కీలంట వాటి పేరు,
పనసపండు కోసిన చేతుల మాదిరి.
రాత్రి పదిగంటలకు, షట్టరు సగం దించుకోని,
ఆ ఒక్క సంగతికి ఎందుకు ఏడ్చినానో
నాకే తెలీదు.
ఆ వారం వచ్చినోళ్లందరూ లక్ష్ములే.
ఒక్కొక్క క్ష్మికి ఒక్కొక్క యుగం.

అప్పట్నించి పిటిషనుతోపాటు
నాలుగు మాటలు దుడ్డు తీసుకోకుండా చెప్తావుండా.

నీళ్లల్లో పడిన ఫోనును బియ్యంలో పూడ్చబాకండి.
బియ్యాన్ని అన్నం వండుకోండి.
ఫోను ఆపి, తుడిచి, గాలికి పెట్టండి.
వెలుగుతాదేమోనని మాటిమాటికి నొక్కి చూడబాకండి.
(నేను ఫోను గురించే చెప్తావుండా.)

ఫోటోలు ఒకేచోట ఉంటే ఉన్నట్టు కాదు.
ఒక పెన్‌డ్రైవు బీరువాలో, ఇంకొకటి చెల్లెలింట్లో.
చెల్లెలితో మాటల్లేవా?
అయితే సాకు దొరికింది, పోయి ఇచ్చిరాండి.

ఉరిమితే ప్లగ్గు పీకేయండి. స్విచ్చి కాదు, ప్లగ్గు.
ఓటీపీ అడిగే గొంతు ఎంత మర్యాదగా ఉంటే
అంత తొందరగా పెట్టేయండి.

నిన్న చెంగల్రాయులన్న వచ్చినాడు.
గుజ్జు ఫ్యాక్టరీ మూసేసినారంట,
ఏడునెలల జీతం బాకీ.
"ఒంటిచెయ్యి, లేటవతాదన్నా" అన్నాను.
"నాకేం పని ఉంది ఇప్పుడు" అని
స్టూలు లాక్కోని పక్కనే కూసున్నాడు.
అక్షరం తరవాత అక్షరం పడతావుంటే
పెదవులు కదుపుతా చదువుకున్నాడు.
బాయిలరు కాడ కాలిన కాలు,
ఓవర్‌టైము పుస్తకం, కొడుకు ఫీజు.
తప్పు కొడితే ఆగి, చెరిపి, మళ్లీ.
రెండు పేజీలకు గంటన్నర.
"ఇంత నిదానంగా నా కష్టం
ఎవురూ వినలేదు మే" అన్నాడు.

నేను ఏదో అనబోయేలోపల
కరెంటు పోయింది.
యూపీఎస్ కూడా కూతపెట్టి కన్ను మూసింది.
కంట్రోల్ నొక్కి వదిలినట్టు గుర్తుంది.
ఎస్ నొక్కినానా?
చీకట్లో అన్న అదే అడిగినాడు, "ఉంటాదా అదంతా?"

"వచ్చినాక చూద్దాం" అన్నాను.
"రాండి, ముందు టీ తాగొద్దాం."
ఎడమచేత్తో షట్టరు దించితే
మూడో గుంజుకు దిగింది.