అడుగు

ఈ బడిలో నా ఉద్యోగం తాళంచెవులు.
పొద్దున్నే ఏడింటికి తెరవడం, సాయంత్రం నాలుగున్నరకి మూయడం.
బుధవారాలు మాత్రం మూయనివ్వరు.
కింద వడ్రంగి గదిలో దీపం వెలుగుతూనే ఉంటుంది,
కాలిన టంకం వాసన మెట్లెక్కి నా గదిదాకా వస్తుంది.
గుత్తి గలగలలాడిస్తాను.
"ఇంకో పది నిమిషాలు, లియాండర్!" అని లోపల్నుంచి కేక.
ఆ పది నిమిషాలు అయ్యేసరికి ఎనిమిదవుతుంది.

ఏడుగురు. మొత్తం బడికే అరవైనాలుగు మంది,
పింఛర్స్ టికిల్‌లో ఆ మాత్రం మిగలడమే గొప్ప.
బ్రైడీ హైన్స్‌కి లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరే,
కానీ తీగ ఎక్కడ తెగిందో వేళ్ళతో తడిమి చెబుతుంది.
పీతల ఫ్యాక్టరీలో పనికొచ్చిన వాళ్ళమ్మ వెంట
ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన రోడెల్
మాట్లాడడు, ప్రోగ్రాం రాస్తాడు,
తప్పిపోయిన ఒక్క కామా కోసం వారమంతా వెతుకుతాడు.
నోజ్‌వర్తీ మేడం మూల కూర్చుని మేజోళ్ళు అల్లుతుంది.
అడిగితే చెబుతుంది, అడగందే చెప్పదు.

వాళ్ళు చేస్తున్నది నీళ్ళలో మునిగే మర.
ఒళ్ళంతా తెల్లటి ప్లంబింగు గొట్టాలు,
కాళ్ళకి, పడవలో నీళ్ళు తోడే పంపులు మూడు,
కంటికి, ఎవరి కారు వెనకనుంచో ఊడబీకిన కెమెరా,
బీట్‌రూట్ ఊరగాయ సీసాలో పెట్టి మైనంతో మూసినది.
పేరు కానర్.
రేవు కొయ్యల కింద తిరిగే, పిల్లి కూడా ముట్టని చేప అది.

మార్చిలో సెయింట్ జాన్స్ వెళ్ళారు, మంచులో ఆరు గంటల బస్సు.
ఈతకొలనులో పడేసిన రింగులు ఏరి తేవాలి.
రెండో రింగు దగ్గర సీసాలోకి నీళ్ళు దిగాయట.
పందొమ్మిది జట్లలో నాలుగో స్థానం.
నాలుగోదానికి కప్పుండదు, కాగితముంటుంది.

మా అద్దాల బీరువా నిండా హాకీ కప్పులు.
ఎనభై ఏడునాటి కప్పు మీద నా పేరూ ఉంది,
తుడిచేదీ నేనే, చదివేదీ నేనే.
దాన్ని కాస్త వెనక్కి జరిపి
కాగితాన్ని ముందు నిలబెట్టాను. ఎవరూ చెప్పలేదు,
ఎవరూ అడగనూ లేదు.

జూన్‌లో, పరీక్షలయ్యాక, రేవులో దింపుతామన్నారు.
కొలను వేరు, సముద్రం వేరన్నాను.
"అందుకేగా" అంది బ్రైడీ.
నన్ను పిలిచింది బ్యాటరీ మోయడానికి. అంతే, మోయడానికే.

పన్నెండో ఏటనుంచీ ఈ నీళ్ళ మీదే నేను,
ప్రభుత్వం కాడ్ వేట ఆపేసేదాకా, నాన్న పడవలో.
తాడు చివర సీసం గుండు చెప్పిందే మా చదువు:
ఠక్కుమంటే బండ, మెత్తగా దిగితే బురద,
ఇక్కడ తొమ్మిది బారలు,
చర్చి శిఖరం కొండకొమ్ముతో కలిసేచోట పదిహేను.
నాన్నకి ఈత రాదు.
అడుగు చూసినవాడు తిరిగొచ్చి చెప్పడు, అనేవాడు.

లాప్‌టాప్ మీద ఎండ పడకుండా రోడెల్ తన కోటు కప్పాడు.
అందులో తల దూర్చాను.
ఆకుపచ్చ. ఇంకా ఆకుపచ్చ. పొగలాంటి మట్టి.
ఉన్నట్టుండి నేల.
నల్లటి ముళ్ళబంతులు, వందలు.
ఒక రబ్బరు బూటు, ఎడమకాలిది, అందులో పీత కాపురం.
బండ ఉందని నాన్న ఒట్టేసిన చోట
ఇసుక, నేను ఊడ్చిన వరండాలా.

ఒక కాడ్ వచ్చింది. చిన్నది.
గడ్డం కింద ఒంటి మీసం ఊపుకుంటూ సీసాలోకి చూసింది.
ఎన్ని వేలు కోశానో ఈ చేతులతో!
దాని ఇంట్లో దాన్ని చూడ్డం ఇదే.

"ఎటు తిప్పాలో అడుగు, లియాండర్" అంది బ్రైడీ.
కోటు కింద గొంతు పెగల్లేదు కాసేపు.
"ఇంకో పది నిమిషాలు" అన్నాను.
మీటరు చూసి, "బ్యాటరీలో ఆరే ఉన్నాయి" అంది.